జర్నల్‌కు పంపే గ్రాఫ్ దేంట్లో గీయాలి మేడమ్?

(తిరుపతిలో రీసెర్చ్ స్కాలర్ల కోసం పెట్టిన ఒకరోజు వర్క్‌షాప్‌లో మధ్యాహ్నం చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం, మిగతాదంతా మేడమ్ మాట్లాడినట్టే ఉంది.)

అందరూ కూర్చున్నారా? వెనక ఆ ఫ్యాన్ కింద ఉన్నవాళ్ళు కాస్త ముందుకు రండి, ఆ చప్పుడులో నా మాట మీకు వినపడదు. భోజనం తర్వాత సెషన్ నాకిచ్చారు, అదీ పెరుగన్నం తిన్నాక. నిద్రొస్తే పోండి, నేనేమీ అనుకోను, గురక మాత్రం వద్దు, రికార్డింగ్ జరుగుతోంది.

సరే. పొద్దున్నుంచి టీ దగ్గర, భోజనాల దగ్గర నన్ను కనీసం పదిమంది ఒకటే అడిగారు. "మేడమ్, గ్రాఫులకి ఏ సాఫ్ట్‌వేర్ బెస్ట్?" ఒక్క పేరు చెప్పేసి మైకు ఇచ్చేసి పోవచ్చు నేను. మీరు రాసుకుంటారు. రేపు ఇంకొకరొచ్చి ఇంకో పేరు చెప్తారు, అదీ రాసుకుంటారు. అందుకే ముందు నేనే మిమ్మల్ని ఒకటి అడుగుతా. మీలో ఎంతమందికి పేపర్ రివ్యూ నుంచి వెనక్కి వచ్చింది? చేతులెత్తండి. ఎత్తండి, సిగ్గెందుకు, అందరికీ వస్తుంది. అందులో ఫిగర్ మార్చమని కూడా రాసి ఉంటారు కదా, అక్షరాలు కనపడటం లేదనో, రెండు గ్రాఫులు కలిపి ఒకటిగా ఇవ్వమనో, యూనిట్లు మార్చమనో. ఆ మార్పు చేయడానికి మీకు ఎంతసేపు పట్టింది? పది నిమిషాలా? ఒక పూటా? వారమా?

ఎవరో రెండు వారాలన్నారు. రెండు వారాలు! మీ సాఫ్ట్‌వేర్ సంగతి బయటపడేది ఆ రెండు వారాల్లోనే అమ్మా. మొదటి గ్రాఫ్ దేంట్లో అయినా వచ్చేస్తుంది, ఎక్సెల్‌లో కూడా అందంగానే వస్తుంది. గైడ్ చూసి మార్చమంటారు, కో ఆథర్ ఇంకోటంటాడు, రివ్యూయర్ ఇంకోటి, తర్వాత థీసిస్‌కి మళ్ళీ సైజు మార్చాలి, వైవాకి స్లైడ్ మీద మళ్ళీ పెద్దది చేయాలి. లెక్కేసుకుంటే ఒక్కో గ్రాఫ్ ఇరవైసార్లు గీస్తాం. ఆ ఇరవయ్యోసారి ఎంత కష్టపడుతున్నామన్నది చూసి సాఫ్ట్‌వేర్ ఎంచుకోవాలి. నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే, మిగతా గంటంతా దీన్నే అటు తిప్పి ఇటు తిప్పి చెప్తాను.

నా కథ చెప్తాను, నవ్వుకోండి. నేను పీహెచ్‌డీ చేసేటప్పుడు మాది గాజు పని. గాజులు కాదు, గాజు. రేర్ ఎర్త్ అనే రకం మూలకాలు కలిపిన గాజు ముక్కలు తయారుచేసి వాటి స్పెక్ట్రా తీయడం, అంటే ఏ రంగు వెలుగు ఎంత ఉందో కొలవడం. ల్యాబ్‌లో ఒక పెయిడ్ సాఫ్ట్‌వేర్ ఉండేది, పెయిడ్ అన్నానే కానీ మేం పైసా కట్టింది లేదు. సీనియర్ పెన్‌డ్రైవ్‌లో తెచ్చి క్రాక్ వేసి ఇచ్చాడు. ఎందుకు నవ్వుతున్నారు, మీ ల్యాబ్‌లో లేదా? నేను డేటా అంతా నేరుగా అందులోనే పెట్టుకున్నా, విడిగా టెక్స్ట్ ఫైల్ దాచుకోవాలని నాకు తెలియదు, ఎవరూ చెప్పలేదు. ఒకరోజు ఆ క్రాక్‌తో పాటు వచ్చిన వైరస్సో, ఇంకేదో, సిస్టమ్ పోయింది. ఫార్మాట్ కొట్టారు. మళ్ళీ ఎవరో తెచ్చిచ్చిన కాపీ వేరే వెర్షన్, నా ఫైలు తెరుచుకోలేదు. సరిగ్గా ఆ వారమే పేపర్ వెనక్కి వచ్చింది. రివ్యూయర్ అడిగింది ఎంత చిన్న విషయమో చూడండి, ఎక్స్ యాక్సిస్ నానోమీటర్లలో ఉంది, వేవ్‌నంబర్లలో ఇవ్వండి అన్నాడు. అంతే. డేటా ఉంటే రెండు నిమిషాల పని, కోటిని ఆ నానోమీటర్లతో భాగిస్తే వేవ్‌నంబర్ వచ్చేస్తుంది. నా దగ్గర ఉన్నదేంటి? వర్డ్‌లో అతికించిన జేపెగ్ బొమ్మ. ఆ బొమ్మని పట్టుకుని ఏం భాగించాలి? చివరికి గాజు ముక్కల్ని మళ్ళీ పాలిష్ చేసి, ఆ ఇన్‌స్ట్రుమెంట్ ఉన్న ఊరికి మళ్ళీ రైలెక్కాను. నాలుగు శాంపిళ్ళలో మూడు కొలిచా. నాలుగోది పాలిష్‌లోనే విరిగిపోయింది.

అందుకని సాఫ్ట్‌వేర్ మాట ఎత్తకముందే ఒకటి రాసుకోండి. డేటా వేరు, గ్రాఫ్ వేరు. డేటా మామూలు టెక్స్ట్ ఫైల్లో ఉండాలి, సీఎస్‌వీ అనండి, డాట్ టీఎక్స్‌టీ అనండి, నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే అంకెలు కనపడాలి. ఇరవై ఏళ్ళ తర్వాత కూడా నోట్‌ప్యాడ్ లాంటిది ఏదో ఒకటి ఉంటుంది. మీరిప్పుడు వాడుతున్న వెర్షన్ ఉంటుందో లేదో ఆ ఏడుకొండలవాడికే తెలియాలి.

ఇప్పుడు సైజు సంగతి. ఎవరి దగ్గరైనా స్కేల్ ఉందా? జామెట్రీ బాక్స్ స్కేల్? పీహెచ్‌డీకి వచ్చాక స్కేల్ వదిలేశారు, చూశారా. గ్రాఫ్ మొదలుపెట్టేముందు నేనిప్పటికీ కాగితం మీద స్కేల్ పెట్టి గీత గీసుకుంటా. ఎల్సెవియర్ జర్నల్స్‌లో ఒక కాలమ్ వెడల్పు 90 మిల్లీమీటర్లు, రెండు కాలమ్‌లు కలిపితే 190. నేచర్‌లో 89, 183. ఫిజికల్ రివ్యూ వాళ్ళది 8.6 సెంటీమీటర్లు. అంటే దాదాపు నా అరచేయంత. మీ గ్రాఫ్ అచ్చయ్యేది ఆ అరచేతిలో. మీరు గీస్తున్నదేమో స్క్రీన్ నిండా, పాతిక సెంటీమీటర్ల వెడల్పులో, అక్షరాలు 12 పాయింట్లు పెట్టి, బ్రహ్మాండంగా కనపడుతోందని మురిసిపోతూ. దాన్ని తొమ్మిది సెంటీమీటర్లకు కుదిస్తే ఆ 12 పాయింట్లు ఎంతవుతాయి? లెక్కేయండి. 4.3. నేచర్ వాళ్ళు అయిదు పాయింట్ల కంటే తగ్గొద్దంటారు. మందుల డబ్బా మీద ఎక్స్‌పైరీ డేటు చదివినట్టు చదవాలి మీ యాక్సిస్ లేబుల్.

కాబట్టి సాఫ్ట్‌వేర్‌ని అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది. గీసే ముందే "ఇది 90 మిల్లీమీటర్లు, ఇందులో అక్షరాలు 8 పాయింట్లు" అని చెప్పి గీయగలనా? చాలావాటిలో ఆ ఏర్పాటు ఉంటుంది, మనమే వాడం. పైథాన్ భాషలో గ్రాఫులు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో ఫిగ్‌సైజ్ అని ఉంటుంది, అంగుళాల్లో ఇవ్వాలి, 90 మిల్లీమీటర్లంటే 3.54 అంగుళాలు. ఆరిజిన్ అనే పెయిడ్ సాఫ్ట్‌వేర్‌లో పేజీ సైజు ఉంటుంది. ఎక్సెల్‌లో కూడా చార్ట్ సైజు సెంటీమీటర్లలో ఇవ్వొచ్చు, ఎవరూ ఆ మెనూ తెరవరు కానీ. మూల పట్టుకుని మౌస్‌తో లాగితే మాత్రం ప్రతి గ్రాఫూ ఒక్కో సైజులో వస్తుంది, పేపర్‌లో నాలుగు ఫిగర్లు ఉంటే నాలుగు రకాల అక్షరాలు, నలుగురు వేర్వేరు మనుషులు గీసినట్టు.

రెండో ప్రశ్న. బయటికి ఏ ఫార్మాట్‌లో ఇస్తుంది? దీని మీద కాస్త నిలబడతా, ఎందుకంటే మనవాళ్ళు ఎక్కువ దెబ్బతినేది ఇక్కడే. బొమ్మలు రెండు రకాలు. ఒకటి చుక్కల బొమ్మ. ముగ్గులో చుక్కలు కాదు, చుక్కలే బొమ్మ, పిక్సెళ్ళు, అవి ఎన్నుంటే అంతే. పీఎన్‌జీ, టిఫ్, జేపెగ్ ఈ రకం. రెండోది గీతల బొమ్మ, అంటే "ఇక్కడి నుంచి అక్కడికి గీత, ఇక్కడ ఈ అక్షరం" అని రాసి పెట్టుకున్న చిట్టా. దాన్ని ఎంత పెద్దది చేసినా మళ్ళీ ఆ చిట్టా ప్రకారం గీసుకుంటుంది కాబట్టి మసకబారదు. ఈపీఎస్, పీడీఎఫ్, ఎస్‌వీజీ ఈ రకం. మన గ్రాఫులు ఎక్కువగా గీతలూ అక్షరాలే కదా, కాబట్టి రెండో రకమే ఇవ్వాలి.

జేపెగ్ ఫొటోల కోసం పుట్టింది నాయనా. అమ్మవారి ఊరేగింపు ఫొటో జేపెగ్‌లో పెడితే ఎవరూ తేడా కనిపెట్టరు. నల్ల అక్షరం, తెల్ల కాగితం, ఆ అంచు దగ్గర అది తడబడుతుంది, జూమ్ చేసి చూడండి, ప్రతి అక్షరం చుట్టూ ఈగలు ముసిరినట్టు బూడిద రంగు మరకలు కనపడతాయి. పీఎన్‌జీకి ఆ రోగం లేదు.

చుక్కల బొమ్మే ఇవ్వాల్సి వస్తే ఎన్ని చుక్కలు? ఎల్సెవియర్ వాళ్ళు ఫొటోలకి 300 డీపీఐ, అంటే అంగుళానికి 300 చుక్కలు, ఉత్త గీతల బొమ్మకి 1000 అడుగుతారు. 90 మిల్లీమీటర్లకి 300 అంటే అడ్డంగా 1063 పిక్సెళ్ళు, 1000 అంటే 3543. మీ ల్యాప్‌టాప్ స్క్రీన్ మొత్తం కలిపి ఎంత? చాలావాటికి 1366 లేదా 1920. అందులో ఒక మూల ఉన్న గ్రాఫ్‌ని స్క్రీన్‌షాట్ తీసి పంపిస్తే వచ్చేదెంత? ఏడెనిమిది వందలు. అప్పుడు మనవాడు ఏం చేస్తాడు, దాన్ని ఏదో సాఫ్ట్‌వేర్‌లో తెరిచి డీపీఐ దగ్గర 1000 అని టైప్ చేసి సేవ్ చేస్తాడు. జర్నల్ సైట్ దాన్ని తీసుకుంటుంది కూడా. పాలల్లో నీళ్ళు పోసి బిందె నిండిందన్నట్టు. లేని వివరం ఎక్కడి నుంచి వస్తుంది చెప్పండి?

ఒక మాట, పీడీఎఫ్ అంటే అన్నీ గీతలే అనుకోవద్దు. జేపెగ్‌ని వర్డ్‌లో అతికించి పీడీఎఫ్ చేస్తే లోపల ఉండేది జేపెగ్గే, సంచి మారింది అంతే. ఇంకోటి, లక్ష పాయింట్ల స్కాటర్ ప్లాట్ ఉంటే గీతల రకం పీడీఎఫ్ తెరుచుకోవడానికే ఆపసోపాలు పడుతుంది. అప్పుడు పాయింట్లు మాత్రం చుక్కలుగా, అక్షరాలూ యాక్సిస్‌లూ గీతలుగా ఉంచాలి. మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో ఆ పాయింట్ల వరసకి "రాస్టరైజ్డ్" అని ఒక్క మాట తగిలిస్తే చాలు.

ఇక పేర్లు. పెన్నులు తీశారా? ఇప్పుడు లేచారు అందరూ.

ఎక్సెల్. ఎక్సెల్‌ని తిట్టడం ఒక ఫ్యాషన్, నేను ఊరికే తిట్టను. డేటా చూసుకోవడానికి, పొద్దున తీసిన రీడింగ్ సరిగ్గా ఉందా లేదా అని చటుక్కున ఒక గీత గీసుకోవడానికి దాన్ని మించింది లేదు. కానీ అందులో రెండు గోతులున్నాయి. మొదటిది, లైన్ చార్ట్. మా పనిలో డోపెంట్, అంటే గాజులో కలిపే ఆ రేర్ ఎర్త్, శాతం 0.1, 0.5, 1, 2, 5 అని ఉంటుంది. లైన్ చార్ట్ పెడితే ఎక్సెల్ ఆ అంకెల్ని పేర్ల లాగా తీసుకుంటుంది, సోమవారం మంగళవారం బుధవారం అన్నట్టు, అన్నిటినీ సమాన దూరంలో పెట్టేస్తుంది. 0.1కీ 0.5కీ మధ్య ఎంతో, 2కీ 5కీ మధ్య కూడా అంతే! కర్వ్ ఆకారమే మారిపోయింది కదా. పెట్టాల్సింది స్కాటర్. ఇది తప్పుగా పెట్టిన గ్రాఫులు థీసిస్‌లలోనే చూశాను నేను, వైవాలో అడిగితే పాపం ఆ పిల్లకి అసలేమైందో అర్థం కాలేదు. రెండో గొయ్యి, స్మూత్ లైన్. అయిదే పాయింట్లుంటాయి, స్మూత్ అని నొక్కుతారు, నున్నగా వంపు తిరుగుతుంది, చూడటానికి ముచ్చటగా ఉంటుంది. ఆ వంపులో ఒకటికీ రెండుకీ మధ్య ఎక్కడో ఒక శిఖరం లేస్తుంది. అక్కడ మీరు కొలిచారా? లేదు. సాఫ్ట్‌వేర్ ఊహించింది. మీరేమో పేపర్‌లో 1.4 దగ్గర మాక్సిమమ్ ఉందని రాసేస్తారు. ఇది ఎక్సెల్ ఒక్కదాని తప్పు కాదు, అన్నిట్లో ఈ బటన్ ఉంది, బీ స్ప్లైన్ అని ఒకచోట, ఇంకేదో అని ఇంకోచోట.

బయాలజీ వాళ్ళున్నారా ఇక్కడ? మీకొకటి. ఎక్సెల్ జీన్ పేర్లని తేదీలుగా మార్చేసేది, మార్చ్1 అనే జీన్ మార్చి ఒకటో తేదీ అయిపోయేది. ఎన్ని పేపర్లలో ఈ తప్పులు దొర్లాయంటే, చివరికి 2020లో జీన్లకి పేర్లు పెట్టే కమిటీ జీన్ల పేర్లే మార్చుకుంది. సాఫ్ట్‌వేర్ మారకముందే జీన్ల పేర్లు మారాయి! సరే, పక్కకి పోయాను.

ఆరిజిన్. మన చుట్టుపక్కల ఫిజిక్స్, కెమిస్ట్రీ ల్యాబ్‌లలో రాజ్యమేలుతున్నది ఇదే. ఎందుకేలుతోందో కూడా ఒప్పుకోవాలి. ఎక్స్‌ఆర్‌డీ, అంటే ఎక్స్ రే డిఫ్రాక్షన్, ప్యాటర్న్‌లు ఆరింటిని ఒకదాని మీద ఒకటి పేర్చాలన్నా, బేస్‌లైన్ తీసేయాలన్నా, ఒకదాంట్లో ఒకటి కలిసిపోయిన పీకుల్ని విడదీసి ఫిట్ చేయాలన్నా మౌస్‌తో అయిపోతుంది, కోడ్ అక్కర్లేదు. ఒక గ్రాఫ్ బాగా చేసుకుని టెంప్లేట్‌గా దాచుకుంటే తర్వాతి డేటాకి అదే దుస్తులు తొడగొచ్చు. మీలో ఎంతమంది టెంప్లేట్ వాడతారు? ముగ్గురు. చూశారా, నూటికి తొంభై మంది ప్రతిసారీ ఫాంట్ సైజు చేత్తో మార్చుకుంటూ కూర్చుంటారు, అప్పుడది ఎక్సెలైతేనేం ఆరిజినైతేనేం. ఇబ్బందులేంటంటే ఒకటి డబ్బు, రెండు విండోస్‌లోనే నడుస్తుంది, మూడు, ఫైలు దాని సొంత భాషలో ఉంటుంది, కొత్త వెర్షన్‌లో దాచింది బాగా పాత వెర్షన్‌లో తెరుచుకోదు. మీ డిపార్ట్‌మెంట్ లైసెన్స్ కొని ఉంటే హాయిగా వాడుకోండి, నేను వద్దనను. క్రాక్ కాపీ మీద మూడేళ్ళ పని పెట్టొద్దు. నీతి కోసం కూడా చెప్తున్నా, భయం కోసం కూడా చెప్తున్నా.

ఈ లైసెన్స్ బాధ మనకొక్కరికే అనుకోవద్దు. మ్యాట్‌ప్లాట్‌లిబ్ ఎలా పుట్టిందో తెలుసా? జాన్ హంటర్ అని అమెరికాలో న్యూరోబయాలజీ మనిషి. మూర్ఛ వ్యాధి ఉన్నవాళ్ళ మెదడు సిగ్నల్స్ చూసే పని. వాళ్ళ ల్యాబ్‌లో ఉన్న సాఫ్ట్‌వేర్‌కి ఒక్కటే లైసెన్స్, దానికొక హార్డ్‌వేర్ తాళం, డాంగిల్, అది చేతులు మారుతూ ఉండేది, ఇవాళ నీ వంతు రేపు నా వంతు అని. విసుగొచ్చి సొంతంగా రాయడం మొదలుపెట్టాడు, 2003లో బయటపెట్టాడు. 2012లో చిన్న వయసులోనే పోయాడాయన. ఈ రోజు పైథాన్‌లో గ్రాఫ్ అంటే ముందు గుర్తొచ్చేది అదే.

నేను వాడేది అదే. నాకు నచ్చడానికి కారణం అందం కాదు, నిజం చెప్పాలంటే మొదట అది ఇచ్చే గ్రాఫ్ మరీ అంత అందంగా ఏమీ ఉండదు. కారణం, గ్రాఫ్ ఎలా గీశానో ఆ కోడ్ ఫైల్లో రాసి ఉంటుంది. రివ్యూయర్ ఆరు నెలల తర్వాత అడిగినా ఆ ఫైల్ తెరిచి ఒక లైను మార్చి మళ్ళీ నడిపిస్తే ఎనిమిది ఫిగర్లూ ఒకేసారి మారిపోతాయి. మౌస్‌తో చేసిన పనికి జ్ఞాపకం ఉండదండీ. ఆ రోజు ఏ మెనూలో ఏం నొక్కానో నాకే గుర్తుండదు, ఇంక నా స్టూడెంట్‌కి ఏం చెప్పను? ఒక చిన్న చిట్కా, పీడీఎఫ్‌గా ఇచ్చేటప్పుడు మ్యాట్‌ప్లాట్‌లిబ్ మామూలుగా టైప్ 3 ఫాంట్లు పెడుతుంది, కొన్ని కాన్ఫరెన్సుల సైట్లు వాటిని వద్దని తిప్పి కొడతాయి. సెట్టింగ్‌లో పీడీఎఫ్ ఫాంట్ టైప్ 42 అని పెట్టుకుంటే గొడవ లేదు. డెడ్‌లైన్ రోజు రాత్రి పదకొండింటికి ఇది తెలుసుకోకండి, ఆ టెన్షన్ నేను పడ్డాను.

గ్నుప్లాట్ గురించి పెద్దవాళ్ళు చెప్పి ఉంటారు. 1986 నుంచి ఉంది. పేరు చూసి గ్నూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు వాళ్ళది అనుకుంటారు, వాళ్ళకీ దీనికీ సంబంధం లేదు. చిన్న ఫైలు, వేగం ఎక్కువ, సర్వర్ మీద సిమ్యులేషన్ నడుపుతూ మధ్యలో ఒకసారి చూసుకోవాలంటే ఇప్పటికీ నేను దాన్నే పిలుస్తా. స్టాటిస్టిక్స్, అగ్రికల్చర్, బయాలజీ వాళ్ళు మాత్రం పైథాన్ జోలికి రాకపోయినా పర్వాలేదు, ఆర్ అనే భాష నేర్చుకోండి, అందులో గ్రాఫులకి జీజీప్లాట్2. నాలుగు రకాల విత్తనాలు, మూడు మోతాదుల ఎరువు, రెండు సీజన్లు అన్నారనుకోండి, వాటిని చిన్న చిన్న గళ్ళుగా విడగొట్టి పక్కపక్కన చూపించడం దాంట్లో వచ్చినంత తేలిగ్గా ఇంకెక్కడా రాదు.

కోడ్ అంటేనే భయపడేవాళ్ళకి, డబ్బు కూడా లేనివాళ్ళకి? ల్యాబ్‌ప్లాట్ చూడండి, కేడీఈ వాళ్ళది, ఉచితం, విండోస్‌లోనూ లైనక్స్‌లోనూ నడుస్తుంది, ఆరిజిన్ అలవాటున్నవాళ్ళకి ఇల్లు మారినట్టు ఉంటుంది కానీ ఊరు మారినట్టు ఉండదు. వ్యూజ్ అని ఇంకోటి ఉంది, మౌస్‌తోనే గీస్తారు, కానీ దాచే ఫైలు మామూలు టెక్స్ట్. నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదువుకోవచ్చు! నా కథ విన్నారు కదా, అది నాకెందుకు నచ్చిందో మీకు తెలుసు.

వాతావరణం వాళ్ళు అటు వరసలో కూర్చున్నారు, గాదంకి వాతావరణ పరిశోధన ల్యాబ్ వైపు నుంచి కూడా వచ్చారు. మీ గోల వేరు. మీకు ఎత్తు వై యాక్సిస్ మీద ఉండాలి, గాలి వేగం ఎక్స్ మీద, పీడనం అయితే తలకిందులు, పైగా లాగ్. మామూలు సాఫ్ట్‌వేర్లు దీనికి కొంచెం మొరాయిస్తాయి. గ్రాడ్స్ వాడుతున్నారు చాలామంది, మ్యాపులకి జీఎంటీ, ఇవి రెండూ ఈ పని కోసమే పుట్టినవి, వాడుకోండి. ఎన్‌సీఎల్ అనే భాష మీద ఉన్నవాళ్ళు మాత్రం మెల్లగా పైథాన్ వైపు జరగండి, దాన్ని తయారుచేసిన అమెరికా సంస్థ వాళ్ళే 2019లో ఇక మా దారి పైథానే అని చెప్పేశారు.

రంగుల దగ్గరికొచ్చాం కాబట్టి ఇది చెప్పకుండా పోలేను. ఇంద్రధనుస్సు రంగులు, జెట్ అంటారే, నీలం ఆకుపచ్చ పసుపు ఎరుపు. చాలా ఏళ్ళ పాటు మ్యాట్‌ల్యాబ్ అనే పెయిడ్ సాఫ్ట్‌వేర్‌లో ఏమీ అడక్కపోతే వచ్చేది అదే, అందుకే అందరికీ అలవాటైపోయింది. మధ్యలో పసుపు దగ్గర వెలుగు ఒక్కసారిగా పెరుగుతుంది, కన్ను అక్కడికి పోతుంది, డేటాలో అక్కడ ఏమీ ఉండదు. లేని గీత కనపడుతుంది. దీన్ని బ్లాక్ అండ్ వైట్ జిరాక్స్ తీయండి, ముదురు నీలం, ముదురు ఎరుపు దాదాపు ఒకటే బూడిద రంగు. అంటే అన్నిటికంటే తక్కువ విలువ, అన్నిటికంటే ఎక్కువ విలువ, రెండూ ఒకటే అయిపోయాయి! మ్యాట్‌ల్యాబ్ వాళ్ళు 2014లో దాన్ని వదిలేసి పరూలా తెచ్చారు, మ్యాట్‌ప్లాట్‌లిబ్ 2017లో విరిడిస్‌కి మారింది. ముదురు నుంచి లేత వరకు వెలుగు ఒక వరసలో పెరుగుతుంది, జిరాక్స్‌లో కూడా నిలుస్తుంది. ఎరుపు ఆకుపచ్చ తేడా తెలియనివాళ్ళు ఉంటారు, యూరప్ సంతతి మగవాళ్ళలో దాదాపు 8 శాతం. మీ రివ్యూయర్ వాళ్ళలో ఒకడైతే? మీ ఎర్ర గీత, పచ్చ గీత ఆయనకి ఒకటే గీత. రంగుతో పాటు గుర్తు కూడా మార్చండి, ఒకటి గుండ్రం, ఒకటి త్రికోణం, ఒక గీత నిండుగా, ఒకటి తెగిపోతూ.

ఇంకొక చిన్న మాట, 2021 నవంబరు వాన గుర్తుందా? ఎలా మరిచిపోతాం, తిరుపతి సగం నీళ్ళల్లో ఉంది. అలాంటి ఒక్క రోజు మీ డేటాలో ఉంటే కలర్ స్కేల్ మొత్తాన్ని అదే మింగేస్తుంది, మిగతా రోజులన్నీ ఒకే రంగులోకి పోతాయి. స్కేల్ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో మీరు చెప్పాలి, సాఫ్ట్‌వేర్‌కి వదలొద్దు. ఎక్కడ ఆపారో క్యాప్షన్‌లో రాయాలి. ఎర్రర్ బార్ సంగతి కూడా అంతే, అది స్టాండర్డ్ డీవియేషనా, స్టాండర్డ్ ఎర్రరా? గ్రాఫ్ చూస్తే తెలియదు. రాయాలి.

సరే, ప్రశ్నలు. ఆ అబ్బాయి.

"అన్నిటికీ ఒకటే సాఫ్ట్‌వేర్ సరిపోదా మేడమ్?" అంటున్నాడు. మాది శ్రీకాళహస్తి నాయనా. మా మేనమామ కలంకారీ వేస్తాడు. ఆయన దగ్గర రెండు రకాల కలాలుంటాయి, వెదురుపుల్లలే రెండూ, సన్నగా చెక్కింది గీతకి, మొద్దుగా ఉన్నది రంగు నింపడానికి. చిన్నప్పుడు నేను మొద్దు దాంతో గీత గీయబోతే నెత్తి మీద మొట్టాడు. పీకులు ఫిట్ చేయడం ఒకదాంట్లో చేసి, ఆ అంకెలు టెక్స్ట్‌గా బయటికి తీసి, చివరి గ్రాఫ్ ఇంకోదాంట్లో గీస్తే తప్పేముంది? అన్నీ అయ్యాక ఏ, బీ, సీ అని ప్యానెళ్ళకి అక్షరాలు పెట్టడానికి ఇంక్‌స్కేప్ వాడొచ్చు, అది ఉచితం. కానీ దాంట్లో పాయింట్లు కదపొద్దు. లేబుల్ కదపండి, పాయింట్ కదిపితే దాన్ని ఫాల్సిఫికేషన్ అంటారు, డేటా తారుమారు చేయడం.

అమ్మా, నువ్వు చెప్పు. "మా గైడ్ సార్ ఆరిజిన్ ఫైలే కావాలంటారు, పైథాన్ అంటే ఒప్పుకోరు." ఆయనతో గొడవ పెట్టుకోవద్దమ్మా, పీహెచ్‌డీ కావాలి కదా నీకు. ఆయనకి ఫైల్ ఎందుకు కావాలి? మార్పులు ఆయనే చేసుకోవడానికి. అయితే ఆరిజిన్‌లోనే చెయ్యి, డేటా సీఎస్‌వీ పక్కన పెట్టుకో, టెంప్లేట్ చేసుకో. ఒక్క ఫిగర్ మాత్రం నీ కోసం కోడ్‌లో గీసి చూసుకో. రివ్యూ వచ్చినప్పుడు ఎవరిది ముందు తయారైందో ఆయనే చూస్తారు, అప్పుడు ఆయనే అడుగుతారు.

"కోడ్ ఏఐతో రాయించుకోవచ్చా?" ఈ ప్రశ్న ఇంకా రాలేదేంటా అనుకుంటున్నా. రాయించుకోండి, నేనూ రాయించుకుంటా, లెజెండ్ ఎక్కడ పెట్టాలో వంద సార్లు వెతకడం కంటే అది నయం. కానీ ప్రతి లైను చదవండి, ఎక్కడైనా తెలివిగా స్మూతింగ్ పెట్టిందా, ఖాళీ విలువల్ని తీసేసిందా, యాక్సిస్ సున్నా దగ్గర కాకుండా ఎక్కడో మొదలుపెట్టిందా చూడండి. కోడ్ రాయించుకోవడం వేరు, బొమ్మే దాంతో గీయించుకోవడం వేరు, ఏఐ గీసిన బొమ్మల్ని పెద్ద పబ్లిషర్లు చాలావరకు ఒప్పుకోవడం లేదు. ఎక్కడికి పంపుతున్నారో వాళ్ళ రూల్స్ చదువుకుని పంపండి.

నేర్చుకోవడానికి ఎన్ని రోజులు? మీ డేటాతో మొదలుపెడితే ఒక వారంలో మీ మొదటి గ్రాఫ్ వస్తుంది, తిట్టుకుంటూనే వస్తుంది. యూట్యూబ్‌లో వాళ్ళ డేటా చూస్తూ కూర్చుంటే ఏడాదైనా రాదు.

ఇంకెవరు? ఆఖరి ప్రశ్న, టీ వచ్చేసింది బయట. "మేడమ్, విరిగిపోయిన ఆ నాలుగో శాంపిల్ ఏమైంది?" అబ్బ, నువ్వు బాగా విన్నావు. ఆ పేపర్‌లో మూడింటితోనే సరిపెట్టాం. తర్వాత కొన్నేళ్ళకి ఇంకో పేపర్‌లో పోల్చడానికి ఆ నాలుగోది కావాల్సి వచ్చింది. డేటా లేదు, ఫైల్ లేదు, గాజు ముక్క లేదు. నా థీసిస్ లైబ్రరీలో ఉంది కదా, అక్కడికి పోయి ఆ పేజీ స్కాన్ చేసుకుని, వెబ్‌ప్లాట్‌డిజిటైజర్ అని ఉంటుంది, ఉచితమే, దాంట్లో పెట్టి కర్వ్ మీద ఒక్కో పాయింట్ నొక్కుకుంటూ అంకెలు వెనక్కి తీశాను. రెండు సాయంత్రాలు పట్టింది. పేపర్‌లో అది డిజిటైజ్ చేసిన డేటా అని రాశాను, రాయాలి కూడా. థీసిస్‌లో గీత ఎంత లావుగా ముద్రపడిందంటే పీక్ ఎక్కడుందో రెండు నానోమీటర్లు అటూ ఇటూ చెప్పలేకపోయాను. నా కొలతే, నా థీసిసే.

పదండి, టీ చల్లారిపోతుంది. టెంప్లేట్ ఫైళ్ళు, నా కోడ్ ఈ ముందు సిస్టమ్‌లో డెస్క్‌టాప్ మీద పెట్టాను, కాపీ చేసుకోండి. పెన్‌డ్రైవ్ పెట్టేముందు వైరస్ ఉందేమో చూసి పెట్టండి.